కోట ఊళ్ల పాత మ్యాపులు చదివే పద్ధతి: గోడ, వాకిలి, పేట, ఖాళీ జాగా

"పాత మ్యాపు ఒకటి దొరికింది. బురుజులు, గోడలు కనిపిస్తున్నాయి సరే, మా ఊరివాళ్లు దేనికి విలువ ఇచ్చారో దాంట్లోంచి ఎట్లా తెలుసుకోవాలి?" కర్నూలు, గుత్తి, పెనుకొండ, సిద్ధవటం వైపు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దానికి పని పద్ధతిని వరుసగా ఇక్కడ ఇస్తున్నాం. కోటల చరిత్ర ఇందులో ఉండదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి. మ్యాపు ముందుగా చెప్పేది గీసినవాడి విలువల్ని, ఆ తర్వాతే ఊరి విలువల్ని. ఈ రెండింటినీ విడదీయకుండా రాసింది ఏదీ నిలవదు. కింది మెట్ల వరుస అంతా ఆ విడదీత కోసమే కాబట్టి వరుస మార్చకండి.

పట్టే సమయం: కాగితాల మీద రెండు సాయంత్రాలు, ఊళ్లో ఒక పూర్తి రోజు, రాసుకోవడానికి ఇంకో సాయంత్రం.

1. ఊరు ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్లు గోడ ఇంకా నిలిచి ఉన్న ఊరు తీసుకోవాలి. గండికోట, సిద్ధవటం, గుత్తి, పెనుకొండ ఇందుకు బాగుంటాయి. మ్యాపులో గీత కనిపిస్తే, నేల మీద రాయి కనిపిస్తుంది.

ఈ నాలుగింటిలో సిద్ధవటం అన్నిటికంటే సులువు. పెన్న ఒడ్డున చదునైన నేల మీద నాలుగు పలకలుగా ఉంటుంది, ఒక్క పూటలో చుట్టి రావచ్చు. గుత్తి కొండకోట. ఎక్కిదిగడానికే సగం రోజు పోతుంది కాబట్టి ఎండాకాలంలో పెట్టుకోకండి.

కర్నూలును రెండోసారికి ఉంచుకోండి. అక్కడ కొండారెడ్డి బురుజు నిలిచింది గాని కోట గోడ చాలావరకు పోయింది. లేని గోడను వీధుల వంపును బట్టి పట్టుకోవాలంటే ముందు కొంత అలవాటు కావాలి.

అనంతపురం ఊరిని కోట ఊరిగా చదవబోతే చేతికేమీ రాదు. అది చెరువును ఆనుకుని పెరిగిన ఊరు. అక్కడ చెరువు కట్ట, పాతూరు, రెంటికీ నడుమ దారులు చూడాలి. ఆ పద్ధతి వేరు.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మ్యాపు ప్రింటు, ఏ3 సైజులో, రెండు కాపీలు. ఒకటి గీతలకు, ఒకటి శుభ్రంగా ఉంచడానికి.
- ట్రేసింగ్ పేపర్ ఒక్కో మ్యాపుకు కనీసం 6 షీట్లు, మూలలకు అంటించే టేపు.
- నీలం, ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నలుపు రంగు పెన్సిళ్లు. పెన్ను వద్దు.
- 30 సెంటీమీటర్ల స్కేలు, కోణమానిని.
- 30 మీటర్ల టేపు. నడకరోజున ఇద్దరుండాలి, ఒక్కరితో టేపు పట్టడం కుదరదు.
- ఫోన్లో దిక్సూచి, జీపీఎస్. ఆరుబయట జీపీఎస్ 3 నుంచి 5 మీటర్ల తేడాతో చూపిస్తుంది, ఇరుకు సందుల్లో అంతకంటే ఎక్కువ.
- గళ్ల నోటుబుక్కు.

పార, గడ్డపార లాంటివి బండిలో కూడా ఉండకూడదు. ఎందుకో 9వ మెట్టులో చెబుతాం.

3. మూడు చేతుల మ్యాపులు సంపాదించడం

ఒక్క మ్యాపుతో పని మొదలుపెట్టవచ్చు, ముగించకూడదు. వేర్వేరు అవసరాల కోసం గీసినవి కనీసం రెండు, వీలైతే మూడు ఉండాలి.

సైన్యం గీసిన ప్లాను. 18, 19 శతాబ్దాల కోట ప్లానులు ఎక్కువగా ఈ రకం. బురుజు, కందకం, గోడ మందం, వాకిలి మలుపు అన్నీ కొలతలతో ఉంటాయి. గోడ బయట పేట మాత్రం తరచుగా అడ్డగీతలు నింపిన ఒక ముద్దగా ఉంటుంది. ఫిరంగి పెట్టే కంత కనిపిస్తుంది, వందల ఇళ్లున్న వీధి కనిపించదు. ఆ ముద్దను చూసి "పేటకు విలువ లేదు" అని రాసేయకండి. పట్టుకోవాల్సిన జాగాను కొలవడమే గీసినవాడికి అప్పగించిన పని.

రెవెన్యూ మ్యాపులు. గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పుస్తకం), వాటితో జతగా డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో ఉండే భూముల రిజిస్టరు). వీటి ధ్యాసంతా శిస్తు మీదే. ఊరి ఇళ్లన్నీ గ్రామకంఠం అనో గ్రామనత్తం అనో ఒకే నంబరు కింద పోతాయి. కానీ కోట గోడ, కందకం, కుంట, శ్మశానం, గుడి మాన్యం, ఇనాం భూమి ఎక్కడెక్కడ ఉన్నాయో వీటిలో దొరికినంత వివరంగా ఇంకెక్కడా దొరకదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్లలో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కాబట్టి కార్యాలయంలో అడిగేటప్పుడు "పాత సర్వే నంబరు మీద ఎఫ్‌ఎంబీ, డైగ్లాట్ నకలు" అని విడమరిచి అడగండి.

సర్వే ఆఫ్ ఇండియా షీట్లు. పాత లెక్కలో మన పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కోట ఊళ్లన్నీ 57వ నంబరు కింద వస్తాయి. కర్నూలు 57ఐ, ఆదోని, గుత్తి 57ఈ, పెనుకొండ 57ఎఫ్, కడప, గండికోట, సిద్ధవటం 57జె. పాత షీట్లు అంగుళానికి మైలు స్కేలులో ఉంటాయి, అంటే 1:63,360. ఊరి లోపల సందులు వీటిలో కనిపించవు. ఊరికి చుట్టూ ఏముందో, ఏ దారి ఎటు పోతుందో చూడటానికి మాత్రం ఇవే దిక్కు. 1:2,50,000 స్కేలు షీట్లు ఉచితంగా దొరుకుతాయని వాటితో కుస్తీ పట్టవద్దు. వాటిలో సెంటీమీటరు అంటే రెండున్నర కిలోమీటర్లు, కోట మొత్తం ఒక చుక్కే.

వీటికి తోడు కైఫియత్తు. అది మ్యాపు కాదు, ఊరివాళ్లు చెప్పగా, కరణాల కవిలెల్లోంచి ఎత్తి రాసుకున్న వివరం. దత్తమండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాక సర్వేయరు కాలిన్ మెకంజీ కింద పనిచేసినవాళ్లు ఊరూరా తిరిగి వీటిని రాయించారు. ఏ దేవుడికి ఎంత మాన్యం, చెరువు తవ్వించింది ఎవరు, పేట ఎవరు కట్టించారు అన్న సంగతులు ఉంటాయి. కడప జిల్లా కైఫియత్తుల కోసం కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో అడగండి. సైన్యం ప్లానులో ఖాళీగా ఉన్న చోట కైఫియత్తు గుడి పేరు చెబుతోందంటే, అక్కడే మీ అసలు పని మొదలవుతుంది.

4. మ్యాపు పుట్టుక రాసుకోవడం

మ్యాపు మీద గీత పెట్టకముందే నోటుబుక్కులో ఈ ఆరూ రాయండి. ఏదైనా తెలియకపోతే ఆ చోట గీటు పెట్టి వదలండి, ఊహించి నింపవద్దు.

- గీసింది ఎవరు, ఎవరి పనిమీద?
- కొలిచిన సంవత్సరం ఏది, అచ్చయిన సంవత్సరం ఏది? ఈ రెండింటికీ మధ్య ఇరవై ఏళ్లున్నా వింత కాదు.
- ఆ ఏడాదికి ఊరు ఎవరి చేతిలో ఉంది? గుత్తి 1776లో మురారిరావు నుంచి హైదరాలీకి పోయింది. కర్నూలు నవాబుల పాలన 1839తో ముగిసింది. మీ మ్యాపు అలాంటి ఏడాదికి ముందుదా తర్వాతిదా అన్నది ముందు తేల్చుకోవాలి.
- పైవైపు ఉత్తరమేనా?
- పేర్లు ఏ భాషలోంచి వచ్చాయి? తెలుగు పేరును ఇంగ్లీషులో రాసి, మళ్లీ తెలుగులోకి తెచ్చేసరికి గుర్తుపట్టలేనంత మారిపోతుంది.
- ఏది పెద్ద అక్షరాల్లో ఉంది, ఏది చిన్న అక్షరాల్లో, ఏది అసలు పేరే లేకుండా?

ఆఖరి ప్రశ్నకు మొత్తం ఒక పేజీ కేటాయించండి. పేరున్న కట్టడాలు ఒక వరుస, పేరు లేని కట్టడాలు ఒక వరుస. ఈ పట్టిక తర్వాత చాలా పనికొస్తుంది.

5. స్కేలు, దిక్కు సరిచూడటం

మ్యాపు మీద రాసిన నిష్పత్తిని నమ్మకండి. స్కాన్ చేసి, మళ్లీ ప్రింటు తీసేసరికి అది మారిపోయి ఉంటుంది. కింద గీసిన స్కేలు గీత మాత్రం మ్యాపుతోపాటే సాగి, మ్యాపుతోపాటే కుంచించుకుపోతుంది. దాన్నే కొలవండి.

ఉదాహరణకు 400 గజాల గీత మీ ప్రింటులో 8 సెంటీమీటర్లు ఉంటే, సెంటీమీటరుకు 50 గజాలు. గజం 0.9144 మీటరు, అంటే సెంటీమీటరుకు సుమారు 45.7 మీటర్లు. ఈ అంకెను ప్రతి ట్రేసింగు మూలనా రాసుకోండి. ఎఫ్‌ఎంబీలో కొలతలు గొలుసు, లింకుల్లో ఉంటే గొలుసు 66 అడుగులు, 100 లింకులు.

అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, తెలిసిన దూరాలు రెండు కొలిచి చూడండి. రెండూ ఒకే లెక్కకు రాకపోతే కాగితం ఒకవైపు సాగిందన్నమాట. అప్పుడు విస్తీర్ణాలు లెక్కకట్టడం మానేసి, ఏది దేని పక్కన ఉందన్నది మాత్రమే చదవండి.

దిక్కు విషయంలో, దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా చిన్నదే. పైవైపు ఉత్తరం అని గుడ్డిగా అనుకోవడమే పెద్ద తప్పుకు దారి తీస్తుంది. నది పక్కనున్న కోటల ప్లానుల్లో కాగితానికి సరిపోయేలా ఊరిని తిప్పి గీస్తారు.

6. పొరలుగా ట్రేసింగ్ తీయడం

ఒక్కో షీటు మీద ఒక్కో పొర. వరుస ఇదే:

- మొదటి షీటు, నీలం: నది, వాగు, చెరువు, కోనేరు, కుంట, బావులు.
- రెండో షీటు, నలుపు: గోడ, బురుజు, కందకం, వాకిళ్లు, దిడ్లు (చిన్న పక్క వాకిళ్లు).
- మూడో షీటు, గోధుమ: దారులు, వీధులు. వాకిలి బయట కనీసం అర కిలోమీటరు దాకా.
- నాలుగో షీటు, ఎరుపు: పేరున్న కట్టడాలు. గుడి, మసీదు, మహలు, చావిడి, ధాన్యాగారం.
- ఐదో షీటు, ఆకుపచ్చ: సమాధులు, శ్మశానం, ఈద్గా, దర్గా, ఊరి బయట గుళ్లు.
- ఆరో షీటు: ఏమీ గీయని జాగాల అంచులు మాత్రమే, చుక్కల గీతతో.

నీళ్లు ముందు, గోడ తర్వాత ఎందుకంటే రాయలసీమలో నీళ్లు దొరికే చోటును బట్టే మిగతావన్నీ కుదురుతాయి. ముందు గోడ గీస్తే కళ్లు దాని లోపలే చిక్కుకుంటాయి.

చాలామంది ఆరో షీటు వదిలేస్తారు. వదలకండి. అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు పుట్టేది దాని నుంచే.

7. పొరలు కలిపి చదవడం

ఇక్కడ తొందరపడకూడదు. రెండేసి షీట్లు ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక్కో ప్రశ్న అడుగుతూ పోవాలి.

7.1 వాకిళ్లు ఎటు చూస్తున్నాయి

రెండు, మూడు షీట్లు కలపండి. ప్రతి వాకిలి నుంచి బయటికి పోయే దారి ఏ ఊరికి పోతుందో రాయండి. వెడల్పైన వాకిలి రాజధాని వైపా, సంత వైపా, నది వైపా, పుణ్యక్షేత్రం వైపా? లోపలి నుంచి ఆ వాకిలికి వచ్చే వీధి ఎక్కడ మొదలవుతుంది?

వాకిలి దగ్గర దేవుడున్నాడా అన్నది తప్పకుండా చూడాలి. పెనుకొండ ఎర్రమంచి గేటు దగ్గర నిలువెత్తు ఆంజనేయుడు ఉన్నాడు. గోడను కొలిచేవాడి కంటికి అది ఒక మలుపు, ఒక తలుపు, ఒక కాపలా గది. ఊరివాడికి అదే కాపలా కాసే దేవుడి చోటు. సైన్యం ప్లానులో ఇలాంటి విగ్రహం సాధారణంగా ఉండదు, దాన్ని నడకరోజున మీరే చేర్చాలి.

దిడ్డి వాకిళ్లను లెక్కలోంచి తప్పించకండి. నీళ్లు మోసేవాళ్లు, పాకీపని చేసేవాళ్లు, రాత్రిపూట వచ్చేవాళ్లు ఏ దిడ్డిన నడిచారో కైఫియత్తులో గాని, పెద్దవాళ్ల నోట గాని దొరికితే, ఊరు ఎవరిని ఏ వాకిలి గుండా రానిచ్చిందో తెలుస్తుంది.

7.2 నడిబొడ్డున ఏముంది

గోడ గీతకు ఎదురెదురు మూలలు కలిపి రెండు గీతలు గీయండి. అవి కలిసే చోటుకు దగ్గరగా ఏ కట్టడం ఉందో చూడండి. కానీ కొలిచి వచ్చిన నడిమధ్య ఒకటి, జనం నడిచే నడిమధ్య ఒకటి. ఎక్కువ వీధులు కలిసే కూడలి ఏదో కూడా గుర్తించండి. ఈ రెండూ ఒకే చోట పడకపోతే, పాలకుడు తన కోసం ఎంచుకున్న చోటు వేరు, జనం చేరిన చోటు వేరు అన్నమాట.

గుడి, మసీదు గుర్తులను చూసి తొందరపడే చోటు ఇదే. మన గుళ్లు ఎక్కువగా తూర్పు ముఖం. మసీదులో నమాజు పడమటి వైపు తిరిగి చేస్తారు కాబట్టి లోపలికి పోయేది సాధారణంగా తూర్పు నుంచే. మ్యాపు మీద రెండూ తూర్పు పడమరలుగా, తూర్పున ఆవరణతో ఒకేలా కనిపిస్తాయి. గుర్తు చెరిగిపోయిన కట్టడాన్ని దిక్కును బట్టి ఇది గుడి, ఇది మసీదు అని తేల్చవద్దు. కర్నూలు నుంచి మక్కా దిక్కు లెక్కకడితే పడమరకు సుమారు 15 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది, అయినా నేరుగా పడమరకు కట్టిన పాత మసీదులూ ఉంటాయి. ఆ కోణం కూడా సాక్ష్యంగా చాలదు.

7.3 నీళ్లు ఎవరి పక్కన

ఒకటి, నాలుగు షీట్లు కలపండి. ప్రతి కోనేరు, బావి నుంచి దగ్గరి పెద్ద కట్టడానికి దూరం కొలవండి. తర్వాత అదే బావి నుంచి ఇళ్ల గుంపుకు కొలవండి.

గండికోట మీద ఈ పని చేస్తే మంచి అభ్యాసం. ఒకవైపు పెన్న లోయ, లోతు దాదాపు 300 అడుగులు. నది కంటి ముందే ఉంటుంది, నీళ్లు మాత్రం చేతికందవు. అందుకే లోపల చెరువు, కోనేరు ఎక్కడున్నాయన్నది ప్రాణం లాంటి ప్రశ్న. జామియా మసీదు ముందు కత్తుల కోనేరు, మసీదు పక్కనే ధాన్యాగారం. దాపుల్లోనే మాధవరాయస్వామి గుడి తన ప్రాకారంతో నిలబడి ఉంది. తిండి, నీళ్లు, ప్రార్థన ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి.

కర్నూలు తీసుకున్నవాళ్లు ఇంకో పని చేయాలి. ఊరు తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉంది. 2009 అక్టోబరు వరద నీళ్లు ఏ వీధిలో ఏ మెట్టుదాకా వచ్చాయో ఆ వీధివాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఆ గీతను పాత మ్యాపు మీద వేయండి. గీతకు పైన ఏ కట్టడాలున్నాయి, కింద ఎవరి ఇళ్లున్నాయి? ఎత్తు నేల ఎవరికి దక్కిందో దీనివల్ల చాలా స్పష్టంగా తేలుతుంది.

7.4 పేట

కోట పాలించేవాడిది, పేట బతికేవాళ్లది. నేత, నూనె, తోలు, సారాయి, బెల్లం, కంసాలి పని, సంత అంతా అక్కడే. కోట గోడకూ పేటకూ మధ్య ఎంత జాగా వదిలారో కొలవండి. ఫిరంగి గుండుకు అడ్డు లేకుండా ఉండాలని ఆ జాగాను ఖాళీగా ఉంచడం సైన్యాల పద్ధతి. మొదటి మ్యాపులో ఖాళీగా ఉండి, రెండో మ్యాపులో ఇళ్లు వచ్చాయంటే యుద్ధ భయం తగ్గాక ఊరు గోడ దాకా పాకిందని ఊహించవచ్చు.

పేటకు సొంత గోడ ఉందా, ముళ్లకంపా, ఏమీ లేదా? పేట సంగతి తేల్చడానికి ఈ ఒక్క ప్రశ్న సగం సాయం చేస్తుంది.

గోడకు బయట, పేటకు కూడా అవతల, విడిగా ఉన్న ఇళ్ల గుంపులను వదలవద్దు. మాలపల్లె, మాదిగవాడలను ఊరికి దూరంగా పెట్టిన పద్ధతి మ్యాపు మీద కొలవదగిన దూరంగా కనిపిస్తుంది. మధ్యలో వాగుందా, చేనుందా, దారి కలుస్తుందా, వాళ్ల బావి వేరా? అంకెలతో రాయండి, మెత్తని మాటలు చుట్టవద్దు. చాలా మ్యాపుల్లో ఈ గుంపులకు పేరుండదు. పేరు లేకపోవడాన్ని కూడా 4వ మెట్టు పట్టికలో చేర్చండి.

7.5 చనిపోయినవాళ్ల చోటు

ఐదో షీటును నలుపు షీటు మీద పెట్టండి. ఊరి శ్మశానం దక్షిణానా, వాగు ఒడ్డునా? ఖబరస్తాన్ దర్గాను అంటి ఉందా? ఈద్గాను మ్యాపు మీద గుర్తుపట్టడం తేలిక. దానికి పడమట ఒకే గోడ, తూర్పున ఖాళీ మైదానం. ఎక్కువగా ఊరి బయట ఉంటుంది.

పాలకుల సమాధులు ఊరి లోపలా, బయటా? కర్నూల్లో అబ్దుల్ వహాబ్ గుమ్మటం హంద్రీ ఒడ్డున ఉంది. గుత్తిలో ఇంగ్లీషువాళ్ల సమాధులు కొండ కింద ఉన్నాయి. 1827లో పత్తికొండలో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట అక్కడే పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకెళ్లారు. దారిన పోయేవాళ్లకు కనిపించేలా పెట్టిన సమాధి, కనిపించకుండా పెట్టిన సమాధి రెండు వేర్వేరు ఉద్దేశాలు.

7.6 ఖాళీ జాగా

ఆరో షీటు తీయండి. ప్రతి ఖాళీకి నాలుగింటిలో ఒక కారణం రాయండి: నిజంగానే ఖాళీ నేల, తోట లేదా పొలం, గీసినవాడిని లోపలికి రానివ్వలేదు, అతనికి అవసరం లేదని వదిలేశాడు. మొదటి రెండింటికి రెవెన్యూ రికార్డు సాక్ష్యం చెబుతుంది. మూడు, నాలుగింటికి కైఫియత్తు కావాలి. కారణం తేలని ఖాళీని ఖాళీగానే ఉంచండి.

8. పేర్లు, ఆ తర్వాత కంప్యూటరు

పేట పేర్లు వారాన్ని బట్టి వచ్చాయా, పనిని బట్టా, మనిషిని బట్టా? కర్నూలు బుధవారపేటలో వారం ఉంది. ఊరి పాత పేరులోనే బండి కందెన ఉంది: అలంపురానికి రాళ్లు మోసే బండ్లకు ఇక్కడ కందెన పెట్టేవారని, అందుకే కందనవోలు అని చెబుతారు. కడపను తిరుమలకు గడప అంటారు. ఇవి నిజంగా ఊరి పుట్టుకో కాదో అన్న వాదన మనకు అక్కర్లేదు. ఊరివాళ్లు తమ ఊరిని దేనితో కలిపి చెప్పుకుంటున్నారో, మ్యాపులో ఆ దారి ఎంత ప్రముఖంగా ఉందో పోల్చండి చాలు.

కంప్యూటరు పని తప్పనిసరి కాదు. చేయదలచినవాళ్లకు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో పాత మ్యాపును నేటి చోట్లకు సరిపెట్టే జియోరెఫరెన్సర్ తెరిచి, పాత మ్యాపులోనూ నేటి ఉపగ్రహ చిత్రంలోనూ రెంటా కనిపించే బిందువులు కనీసం 8 పెట్టండి. గుడి మూల, బురుజు మధ్య, కోనేరు మూల మంచివి. నది ఒడ్డు, చెట్టు, రోడ్డు మలుపు వద్దు, అవి జరిగిపోతాయి. బిందువులన్నీ ఒకే మూల గుమికూడితే మిగతా మ్యాపు మెలితిరిగిపోతుంది.

సరిపెట్టే పద్ధతుల్లో మొదట ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్ వాడండి, అది మ్యాపునంతా ఒకేలా జరుపుతుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అన్ని బిందువులనూ బలవంతంగా కలిపేస్తుంది కాబట్టి తప్పుగా పెట్టిన బిందువు బయటపడదు.

మన జిల్లాల్లో పదేపదే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. 78 డిగ్రీల రేఖాంశం మన మధ్యలోంచే పోతుంది. భూమిని రేఖాంశాల వారీగా జోన్లుగా విడదీసే యూటీఎం పద్ధతిలో గుత్తి, ఆదోని, పెనుకొండ 43వ జోన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాల్సిన ఈపీఎస్‌జీ కోడ్ 32643. కడప, గండికోట, సిద్ధవటం 44వ జోన్, 32644. కర్నూలు ఆ గీతకు నాలుగైదు కిలోమీటర్ల తూర్పున ఉండి 44లో పడుతుంది. జోన్ తప్పు పెడితే ఊరు వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది.

9. నడక

తెల్లవారుజామున 6కి మొదలుపెట్టండి. ముందు గోడను బయటి నుంచి చుట్టండి, తర్వాత పెద్ద వాకిలి గుండా లోపలికి, చివర పేట.

మన కోటల్లో గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ల బెడద ఉంది. పాత మ్యాపు, టేపు చేతిలో పట్టుకుని బురుజుల చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే ఊరివాళ్లకు అనుమానం రావడం సహజం. ముందురోజే ఊరి పెద్దకు, కోట దగ్గర కాపలా మనిషికి చెప్పండి, మ్యాపు విప్పి చూపించండి. గండికోట, గుత్తి, సిద్ధవటం పురావస్తు శాఖ కింద ఉన్నవి. రాయి కదిలించకూడదు, గోడ మీద సుద్దతో గుర్తు కూడా పెట్టకూడదు.

పెద్దవాళ్లను ఇలా అడగండి: "పెద్దాయనా, ఈ వీధిని మీ చిన్నప్పుడు ఏమనేవాళ్లు? తాగే నీళ్లు ఏ బావి నుంచి తెచ్చుకునేవాళ్లు? పీర్లు ఏ దారిన పోతాయి? తేరు ఏ వాకిలి దాకా వస్తుంది?" ఇంటి ముందు నిలబడి కులం అడగవద్దు. బావి గురించి, ఊరేగింపు దారి గురించి అడిగితే చెప్పాల్సింది వాళ్లే చెబుతారు.

ఊరేగింపు దారిని గోధుమ షీటు మీద వేరే రంగుతో గీయండి. తేరు ఆగే చోటు, పీర్లు తిరిగే మలుపు, జాతరకు గ్రామదేవత ఊళ్లోకి వచ్చే దారి ఏ సర్వేయరూ గీయలేదు.

మ్యాపుకు అసలే అందనివి కూడా ఉంటాయి. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అన్న వరసతో. ఏ షీటు తీసినా అక్కడ గుడి ఒక గుర్తు, దర్గా ఒక గుర్తు. వాటి మధ్య ఈ వరస కనిపించదు. ఇలాంటిది తెలిస్తే వేరే పేజీలో రాయండి, మ్యాపు సాక్ష్యంతో కలపవద్దు.

10. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

వంకర సందులను చూసి "ప్రణాళిక లేని ఊరు" అనడం. సవరణ: సందు వంపును పాత వాగు, గట్టు, గోడ గీతల మీద పెట్టి చూడండి. కర్నూలు లాంటి చోట వంపు తిరిగిన వీధి పోయిన కందకం అంచు కావచ్చు.

మ్యాపులో లేని కట్టడం అప్పటికి లేదని తేల్చడం. సవరణ: అదే మ్యాపులో ఆ రకం కట్టడాలు ఇంకేవైనా చూపించాడా లేదా చూడండి. ఏ గ్రామదేవత గుడినీ చూపించని మ్యాపు మీ ఊరి పెద్దమ్మ గుడి గురించి ఏ సాక్ష్యమూ చెప్పదు.

గోడ మందాన్ని భక్తికో, గర్వానికో ముడిపెట్టడం. మెట్టవైపు గోడ మందంగా, లోయవైపు పలచగా ఉంటే అది ముందు రక్షణ లెక్క.

వేర్వేరు ఏళ్ల మ్యాపులను కలిపి ఒకే ఊరిలా చదవడం. సవరణ: ప్రతి ట్రేసింగు మీద సంవత్సరం, ఒక్కో మ్యాపుకు ఒక్కో కట్ట.

పాత షీటు గీతలు నేటి జీపీఎస్‌తో కొంచెం పక్కకు జరిగి కనిపిస్తే సర్వేయరు తప్పు అనుకోవడం. భూమి ఆకారానికి పాత షీట్లు వాడింది ఎవరెస్ట్ లెక్క, మీ ఫోను వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. తేడా అంతా ఒకేవైపు ఒకేలా ఉంటే కారణం ఇదే.

11. రాసుకోవడం

ప్రతి విషయానికీ నాలుగు వాక్యాలు, ఈ వరుసలో: కనిపించింది, అనుకున్నది, ఇంకోలా కూడా కావచ్చు, తేల్చేది ఏది. గండికోట మీద చేసిన నమూనా ఇది:

- కనిపించింది: మసీదు, ధాన్యాగారం, కోనేరు ఒక గుంపుగా ఉన్నాయి. మాధవరాయస్వామి గుడి దాపుల్లోనే వేరే ప్రాకారంలో ఉంది.
- అనుకున్నది: కోటను ఏలిన పెమ్మసానివారి చేతి నుంచి 1650లో అది గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు పోయిన కాలంలో, అధికారం తన చోటును తిండి నీళ్ల పక్కన చూసుకుంది.
- ఇంకోలా కూడా కావచ్చు: ఆ గుంపు ఉన్న నేల కోటలో చదునైన జాగా కాబట్టి ఎవరు కట్టినా అక్కడే కట్టేవారు.
- తేల్చేది: కోట లోపలి నేల ఎత్తుపల్లాలు, కైఫియత్తులో ధాన్యాగారం, కోనేరు ఎవరివని ఉందో ఆ మాట.

మూడో వాక్యం రాయలేకపోతే మొదటిదాన్ని ఇంకా సరిగా చూడలేదని అర్థం, మళ్లీ షీట్ల దగ్గరికి వెళ్లండి.

చివరగా ట్రేసింగులు మడవకుండా చుట్టి పెట్టండి. మూలన ఊరి పేరు, మ్యాపు సంవత్సరం, సెంటీమీటరుకు ఎన్ని మీటర్లో, మీరు నడిచిన తేదీ ఉండాలి. ఒక జిరాక్సు కట్ట మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. బావుల గురించి, పీర్ల దారి గురించి చెప్పిన పెద్దవాళ్లకు కూడా ఒక కాపీ తీసుకెళ్లి, గీసింది సరిగ్గా ఉందో లేదో వాళ్ల చేతే సరిచూపించండి.